సీతమ్మ ఏడ్చిన ఊరికి హనీమూనా?

ఎంగేజ్‌మెంట్ అయిన మూడో రోజు రాత్రి ఆయన ఫోన్ చేశారు. భోంచేశారా, ఆఫీసుకి వెళ్ళారా అంటూ అటూ ఇటూ తిరిగి, చివరికి "మీ పాస్‌పోర్ట్ ఎప్పటిదాకా ఉందండీ?" అని అడిగారు. పెళ్ళికూతుర్ని అడిగే ప్రశ్న ఇదా అనుకుంటూనే లేచి సూట్‌కేసు తీసి చూశాను. 2024 జులైతో అయిపోతుంది. మా పెళ్ళి మాఘమాసంలో, అంటే ఫిబ్రవరిలో. మార్చిలో ఎక్కడికైనా వెళ్ళాలంటే ఆ పాస్‌పోర్ట్ పనికిరాదు. చాలా దేశాలు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలంటాయి. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. మా హనీమూన్ ప్లాన్ అలా ఒక ఎక్స్‌పైరీ డేట్‌తో మొదలైంది. ఫార్మా కంపెనీ క్వాలిటీ ల్యాబ్‌లో పని చేసేదాన్ని, ఎక్స్‌పైరీ డేట్లు నాకేమీ కొత్త కాదు. నా సొంతానిది చూసుకోకపోవడమే కొత్త.

డబ్బు సంగతి మొదటి వారంలోనే తేల్చుకున్నాం. ఖర్చు తను పెట్టుకుంటానని మా నాన్న అన్నారు. పెళ్ళికి చేసిన అప్పు ఎంతో నాకు తెలుసు కాబట్టి నేను ఒప్పుకోలేదు. ఆయన కూడా వద్దన్నారు, అదీ నేను అడక్కుండానే. చెరో డెబ్బై ఐదు వేలు, మొత్తం లక్షన్నర. అందులోనే పాస్‌పోర్ట్ నుంచి తిరిగొచ్చాక ఇంటికి ఆటో దాకా అన్నీ. గూగుల్ షీట్ ఒకటి తెరిచి ఇద్దరం అందులోనే మాట్లాడుకునేవాళ్ళం. ఇంట్లో వాళ్ళ ముందు ఫోన్ పట్టుకుని కూర్చోవడానికి మొహమాటం. షీట్‌లో కామెంట్లు రాసుకుంటే ఆఫీసు పనిలా కనిపిస్తుంది.

లక్షన్నరకి ఎక్కడికి? మాల్దీవులు మొదటి రోజే పోయింది. రిసార్ట్ రేటు చూసి ఇది పర్వాలేదనుకుంటే, ఎయిర్‌పోర్ట్ నుంచి ఆ దీవికి తీసుకెళ్ళే బోటుకి మళ్ళీ డాలర్లు. బాలీ మీద ఆయనకి చాలా ఆశ. కానీ మార్చి అక్కడ ఇంకా వానాకాలమే, హైదరాబాద్ నుంచి డైరెక్ట్ ఫ్లైట్ లేదు, వీసాకి మనిషికి ఐదు లక్షల రూపాయలు. వాళ్ళ రూపాయలేలెండి, మన లెక్కలో రెండు వేల ఏడొందల దాకా అవుతుంది. అయినా ఐదు లక్షలు అని చదవగానే గుండె ఒకసారి ఆగింది. దానికి తోడు ఆ ఫిబ్రవరి నుంచే టూరిస్టులకి ఇంకో లక్షన్నర లెవీ మొదలైంది. థాయ్‌లాండ్‌కి అప్పట్లో మనవాళ్ళకి వీసా అక్కర్లేదు, టికెట్లూ చవకే. కానీ ఆయన ఇంట్లో "బ్యాంకాక్" అనగానే మా మావగారు పేపర్ ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నారట. ఆ ఊరి మీద మనవాళ్ళకున్న అభిప్రాయం మార్చడం మా బడ్జెట్‌లో లేదు.

శ్రీలంక పేరు నేనే ఎత్తాను. హైదరాబాద్ నుంచి కొలంబోకి రెండు గంటల డైరెక్ట్ ఫ్లైట్. తెనాలి నుంచి హైదరాబాద్ రావడానికే అంతకు రెట్టింపు పైన పడుతుంది. అప్పట్లో మన రూపాయికి వాళ్ళవి మూడున్నర పైనే వచ్చేవి. 2024 మార్చి నెలాఖరు దాకా భారతీయులకి వీసా ఫీజు లేదు. సముద్రం ఉంది, కొండలున్నాయి, చలి ఉంది. మార్చిలో దక్షిణ తీరం, కొండ ప్రాంతం రెండూ బాగుంటాయి. అక్కడ రెండు రుతుపవనాలు. మే నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి వైపు వానలు, ఏడాది చివర తూర్పు వైపు. నెల చూసుకోకుండా టికెట్ కొంటే గొడుగు కింద హనీమూన్ చేసుకోవాల్సిందే.

మా నాన్నకి 2022 నాటి వార్తలు గుర్తున్నాయి. "అక్కడ పెట్రోలు దొరకట్లేదు కదమ్మా" అన్నారు. రెండేళ్ళయింది నాన్నా, ఇప్పుడు బాగానే ఉందని నచ్చజెప్పాను. అసలు అడ్డు అటు నుంచి వచ్చింది. ఆయన వాళ్ళ నాయనమ్మగారికి ఎనభై రెండేళ్ళు, పాలకొల్లు. నేను ఆవిణ్ని మామ్మగారు అంటాను. ఆవిడ ఫోన్ తీసుకుని, "లంకకేంటమ్మా? సీతమ్మ ఏడ్చిన ఊరికి హనీమూనా? కొత్త జంట ఎవరైనా వెళ్తారా అక్కడికి?" అన్నారు. నాకేం చెప్పాలో తెలియలేదు. ఆవిడ వాదనలో తప్పు పట్టడానికి ఏమీ లేదు కూడా. రాముడూ సీతా విడిపోయింది ఆ ఊరి మూలంగానే. ఆయన మాత్రం తొణక్కుండా, "కలిసింది కూడా అక్కడే కదా మామ్మా" అన్నారు. అటు నుంచి కాసేపు మాట లేదు. "సరే, అమ్మవారి గుడి ఉందంట, దణ్ణం పెట్టుకుని రండి" అని ఫోన్ పెట్టేశారు. అలా మా హనీమూన్ ప్లాన్‌లో మొట్టమొదట ఖాయమైన చోటు శ్రీలంక కొండల్లో నువర ఎలియా అనే ఊరి దగ్గరున్న సీతమ్మ గుడి.

ఏజెన్సీలో కనుక్కుందామని ఒక శనివారం అమీర్‌పేట వెళ్ళాను. నాలుగు రాత్రులు, ఐదు పగళ్ళు, ఇద్దరికీ కలిపి తొంభై రెండు వేలు, ఫ్లైట్లు కాకుండా. దాని మీద 5 శాతం జీఎస్టీ. విదేశీ టూర్ ప్యాకేజీ కాబట్టి మళ్ళీ టీసీఎస్, అంటే ఏజెన్సీయే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను, అప్పట్లో 5 శాతం. ఈ టీసీఎస్ ఐటీ రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటవుతుంది, పోయే డబ్బు కాదు, కానీ ఇప్పుడైతే జేబులోంచి తీయాలి కదా. మొత్తం లక్ష దాటింది. అందులో "హనీమూన్ స్పెషల్" అని ఒక లైన్ ఉంది. మంచం మీద పూలు, ఒక కేకు, ఒక రాత్రి కొవ్వొత్తుల భోజనం, తొమ్మిది వేల ఐదొందలు. మా ఇంట్లో కరెంటు పోతే ఆ భోజనం ఊరికే వస్తుందని ఆయనకి కామెంట్ పెట్టాను. నవ్వుతున్న బొమ్మలు ఆరు పంపారు. ఏజెన్సీని తప్పు పట్టను. లీవు దొరకనివాళ్ళకి, ఇంట్లో పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి అదే సుఖం. మాకు మూడు నెలల టైముంది, షీట్ ఉంది, పైగా రోజూ మాట్లాడుకోవడానికి ఒక వంక కావాలి.

పాస్‌పోర్ట్‌కి విజయవాడలో తత్కాల్‌లో పెట్టుకున్నాను. మామూలుగా పదిహేను వందలు, తత్కాల్‌కి ఇంకో రెండు వేలు. పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చాలేమో, అప్పటిదాకా ఆగాలేమో అని మా అమ్మ భయపడింది. అక్కర్లేదు. పెళ్ళయిందని పాస్‌పోర్ట్‌లో పేరు మార్చుకోవాలన్న రూలేమీ లేదు, పుట్టింటి పేరుతోనే ప్రపంచమంతా తిరగొచ్చు. పాస్‌పోర్ట్ ముందే వచ్చేసింది, పోలీస్ వెరిఫికేషన్ తర్వాత జరిగింది. తెనాలిలో మా ఇంటి ముందు కానిస్టేబుల్ బండి ఆగిందని, పెళ్ళి నెల రోజుల్లో పెట్టుకుని వీళ్ళింటికి పోలీసులెందుకొచ్చారా అని వీధి వీధంతా రెండు రోజులు ఆరా తీసింది.

ఈ ఇంటిపేరు దగ్గరే అసలు దెబ్బ తగిలింది. పాస్‌పోర్ట్ చేతికొచ్చిన రోజు సాయంత్రం నంబర్ పంపాను. టికెట్ రేటు ఆ రాత్రికి తగ్గిందని ఆయన అప్పటికప్పుడు బుక్ చేసి నాకు మెయిల్ పంపారు. తెరిచి చూస్తే నా పేరు పక్కన వాళ్ళ ఇంటిపేరు! రెండుసార్లు చదివాను. ఫోన్ చేస్తే ఎంతో సంతోషంగా, "ఎలాగూ నెల రోజుల్లో మారేదే కదండీ, సర్‌ప్రైజ్" అన్నారు.

అప్పటిదాకా నేను ఆయన్ని "మీరు" అనే పిలిచేదాన్ని, ఆయనా నన్ను "మీరు" అనేవారు. ఆ రాత్రి నా నోటి వెంట, "నువ్వేం చేశావో తెలుసా? పాస్‌పోర్ట్‌లో ఉన్న పేరు, టికెట్ మీద ఉన్న పేరు ఒకటి కాకపోతే నన్ను ఎయిర్‌పోర్ట్‌లోనే ఆపేస్తారు. ఒక్కడివే వెళ్ళు హనీమూన్‌కి!" అని వచ్చేసింది. అటు నుంచి నిశ్శబ్దం. నాకు చెమటలు పట్టాయి. కాసేపటికి, "తప్పు నాదే. కానీ ‘నువ్వు’ బాగుంది" అన్నాడు. (ఇక్కడి నుంచి "అన్నాడు" అనే రాస్తాను.)

అక్షరం తప్పుంటే సరిచేస్తారు కానీ, ఇంటిపేరే వేరే అయితే అది వేరే మనిషి కిందే లెక్క. నా టికెట్ రద్దు చేసి కొత్తది కొనాల్సి వచ్చింది. కోతలూ పెరిగిన రేటూ కలిపి ఆరు వేల మూడొందలు పోయాయి. షీట్‌లో ఆ లైన్‌కి తనే పేరు పెట్టాడు: "ప్రేమ ఖర్చు". నేను దాన్ని "వృథా" అని మార్చాను. తను మళ్ళీ మార్చాడు. ఆ లైన్ ఇప్పటికీ అలాగే ఉంది. మన తెలుగువాళ్ళకి ఈ పేర్ల బాధ పుట్టుకతోనే ఉంది. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, సర్టిఫికెట్‌లో ఒట్టి పొడి అక్షరం, పాస్‌పోర్ట్‌లో ఇంకోలా. టికెట్ కొనేటప్పుడు పాస్‌పోర్ట్ ఎదురుగా పెట్టుకుని, సర్‌నేమ్ అన్నచోట ఉన్నది సర్‌నేమ్‌లో, గివెన్ నేమ్ అన్నచోట ఉన్నది అందులో, అక్షరం అక్షరం దించడం ఒక్కటే దారి.

టికెట్లు మంగళవారం వెళ్ళి మంగళవారం వచ్చేలా తీసుకున్నాం. ఆదివారంతో పోలిస్తే ఇద్దరికీ ఏడు వేలు తేడా, పైగా నాకు మిగిలిన ఆరు లీవులూ సరిగ్గా సరిపోతాయి. మా అమ్మ మంగళవారం అనగానే, "కొత్త పెళ్ళికూతురు మంగళవారం గడప దాటుతుందా!" అంది. ఏడు వేలు అని చెప్పాక కాస్త మెత్తబడింది. చివరికి తనే ఉపాయం కనిపెట్టింది. సోమవారం మంచి ఘడియలో మా సూట్‌కేసొకటి తీసుకెళ్ళి ఎదురు ఫ్లాట్‌వాళ్ళింట్లో ప్రస్థానం పెట్టింది. అంటే మేం సోమవారమే బయల్దేరినట్టు లెక్క. ఎదురింటావిడ కన్నడావిడ, ఆ సూట్‌కేసు ఎందుకొచ్చిందో ఆవిడకి ఇప్పటికీ తెలియదు.

ఇక ఊళ్ళ గొడవ. మా ఆయన మొదట వేసిన ప్లాన్‌లో ఏడు రాత్రుల్లో తొమ్మిది ఊళ్ళున్నాయి. సిగిరియా, క్యాండీ, నువర ఎలియా, ఎల్లా, యాలా, మిరిస్సా, గాలే, బెంటోటా, కొలంబో. వీడియోల్లో చూసినవన్నీ దించేశాడు. నేను షీట్‌లో ఇంకో కాలమ్ పెట్టాను: కారులో గంటలు. ఆ దేశం మ్యాప్‌లో చిన్నదే, కానీ కొండ రోడ్లు. ఎయిర్‌పోర్ట్ నుంచి క్యాండీకే మూడు గంటల పైన. కాలమ్ కింద కూడితే ముప్పై ఒక్క గంట వచ్చింది. "ఇది హనీమూనా, లారీ డ్రైవర్ డ్యూటీనా?" అని కామెంట్ రాశాను. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు చూస్తే ఐదు ఊళ్ళ మీద తనే గీత కొట్టేశాడు. నేను ఇంకొకటి కొట్టేశాను.

లెక్క వేసి చూస్తే డబ్బు మిగిలింది అక్కడే. హోటల్లో ఐదొందలు తగ్గే కూపన్ కోసం నేను రాత్రిళ్ళు వెతికింది ఒక ఎత్తు, సఫారీకి వెళ్ళే యాలా అన్న ఒక్క మాట కొట్టేయడం ఒక ఎత్తు. ఒక ఊరు తీసేస్తే అక్కడి జీపు, టికెట్టు, దారి ఖర్చు అన్నీ పోతాయి. చివరికి క్యాండీలో రెండు రాత్రులు, ఎల్లాలో మూడు, గాలే పక్కన ఉనవతున బీచ్‌లో రెండు. నువర ఎలియా దారిలోనే. క్యాండీలో మూడు వేల గది తీసుకుని, మిగిలింది ఎల్లాలో పోశాం. రోజుకి ఐదు వేల ఐదొందలు, కిటికీ తీస్తే లోయ.

వీసా డబ్బు లేదన్నా ఆన్‌లైన్‌లో ఈటీఏ, అంటే ముందస్తు ప్రయాణ అనుమతి, తీసుకోవాలి. ఇక్కడ జాగ్రత్త. గూగుల్‌లో వెతికితే పైన కనిపించేవి చాలావరకు ప్రైవేటు సైట్లు, అచ్చం గవర్నమెంటువాటిలాగే ఉంటాయి, ఊరికే వచ్చేదానికి డాలర్లు గుంజుతాయి. అడ్రస్ చివర గవ్ డాట్ ఎల్‌కే అని ఉంటేనే అసలుది. అప్లై చేసిన మర్నాటికి మెయిల్ వచ్చింది, ప్రింట్ తీసుకున్నాం. మేం వెళ్ళినప్పటి రూలు ఇది. వీసా సంగతులు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే ముందు అదే సైట్ చూసుకోండి. డబ్బు మూడొందల డాలర్లు నోట్లుగా, మిగిలింది ఫారెక్స్ మార్కప్ లేని కార్డులో తీసుకెళ్ళాం. మామూలు క్రెడిట్ కార్డు గీకితే మూడున్నర శాతం దాకా అదనంగా పడుతుంది. శ్రీలంకలో యూపీఐ ఆ ఫిబ్రవరిలోనే మొదలైంది. మా ఆయన దాని మీద పెద్ద ఆశే పెట్టుకున్నాడు కానీ, మేం వెళ్ళిన చిన్న కొట్లలో ఫోన్ చూపిస్తే అయోమయంగా చూశారు. ఎనిమిది రోజుల్లో ఒక్కచోట కూడా మాకు పని చేయలేదు.

క్యాండీలో దిగేసరికి సాయంత్రమైంది. ఊరి మధ్యలో చెరువు, గట్టు మీద పెద్ద పెద్ద చెట్లు, పక్కనే బుద్ధుడి దంతం ఉన్న గుడి. టికెట్ దగ్గర పాస్‌పోర్ట్ చూపిస్తే సార్క్ దేశాలవాళ్ళకి కొంచెం తక్కువ తీసుకున్నారు. అడక్కపోతే ఇవ్వరు, అడగండి. ఆ చెరువు తవ్వించింది క్యాండీ ఆఖరి రాజు శ్రీ విక్రమ రాజసింహ, 1807లో. ఆయన నాయక వంశంవాడు, మధుర నాయకుల చుట్టరికం, మూలాలు తెలుగు. 1815లో బ్రిటిష్‌వాళ్ళు పట్టుకుని వెల్లూరుకి పంపేస్తే అక్కడే పోయాడు. ఇదంతా నాకు ముందే తెలియదు, గట్టు మీద కూర్చుని ఫోన్‌లో చదువుకున్నాం. "మనవాడే తవ్వించాడు, కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు" అన్నాడు మా ఆయన. కూర్చున్నాం కూడా, ఒక పోలీసాయన వచ్చి లేపేదాకా.

మూడో రోజు తెల్లవారుజామునే కారులో బయల్దేరాం. డ్రైవర్ని రోజుల లెక్కన కాకుండా ఊరి నుంచి ఊరికి మాట్లాడుకున్నాం, మూడు ప్రయాణాలకి మన డబ్బుల్లో ఇరవై నాలుగు వేలు. ఆయనకి తమిళం వచ్చు, నాకు చెన్నైలో రెండేళ్ళు పని చేసిన తమిళం ఉంది. నువర ఎలియా ఆరు వేల అడుగుల పైన ఉంటుంది. టీ తోటల్లోంచి ఎక్కుతుంటే చెవులు దిబ్బళ్ళేశాయి. అక్కణ్నుంచి కొంచెం ముందుకెళ్తే సీత ఎలియా. రోడ్డు పక్కనే చిన్న గుడి, రంగులు వేస్తున్నారు, మేలో కుంభాభిషేకమన్నారు. గుడి వెనకాల వాగు, వాగు పక్కన రాతి మీద గుంటలు. హనుమంతుడి పాదాలంటారు. ఆ చుట్టుపక్కల మట్టి నల్లగా ఉండటం కూడా ఆయన తోక మంట వల్లేనట. నేను నమ్మానా లేదా అన్నది పక్కన పెడితే, ఆ నీళ్ళలో చెయ్యి పెట్టగానే వేళ్ళు కొంకర్లు పోయాయి. మామ్మగారికి వీడియో కాల్ చేశాం. సిగ్నల్ సరిగా లేదు. ఆవిడకి గుడి కనిపించలేదు, మా ఆయన ముక్కు మాత్రమే కనిపించింది. "నీళ్ళు పట్టుకురా నాయనా" అని మాత్రం వినిపించింది. తాగడానికి కొన్న లీటరు సీసా ఖాళీ చేసి నింపాడు.

ఇక రైలు. క్యాండీ నుంచి ఎల్లా వెళ్ళే రైలు గురించి వినే ఉంటారు. రిజర్వేషన్ నెల రోజుల ముందు తెరుస్తారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మా పెళ్ళి హడావుడి. నేను పెళ్ళిపీటల మీంచి లేచి చూసేసరికి టికెట్లన్నీ అయిపోయాయి. బయట ఏజెంట్ల దగ్గర ఎన్నో రెట్లు చెప్పారు. డ్రైవరన్న ఇచ్చిన సలహా ఏంటంటే, మొత్తం దారి ఆరేడు గంటలు పడుతుంది, అందమంతా రెండో సగంలోనే, మీరు నువర ఎలియా దగ్గరి నాను ఓయా స్టేషన్‌లో ఎక్కండి, రిజర్వేషన్ లేని టికెట్ కొనుక్కోండి, సామాను నేను కారులో ఎల్లా తెస్తాను అని. టికెట్ల ధర చూసి నవ్వొచ్చింది. ఇద్దరికీ కలిపి మన దగ్గర రెండు కాఫీల డబ్బు.

రైలు రాగానే నవ్వు పోయింది. సెకండ్ క్లాసులో కాలు పెట్టే సందు లేదు. మా ఆయన ఒక తలుపు దగ్గర, నేను బాత్రూమ్ గోడకి ఆనుకుని. పావుగంట అలాగే నిలబడ్డాక, తలుపు దగ్గర పనసపండు గోనెతో కూర్చున్న ఒక తమిళావిడ నన్ను కిందికీ పైకీ చూసింది. జీన్స్, టీషర్టు, మెడలో ఇంకా గొలుసుకి మార్చని పసుపుతాడు. "కల్యాణం పుదుసా?" అని అడిగింది. అవునన్నాను. "ఆయన ఏడీ?" చూపించాను. గోనెని కాలితో లోపలికి తోసి, తను జరిగి, "కూర్చోండి ఇద్దరూ, తరవాతి స్టేషన్‌లో దిగిపోతాను" అంది. ఆవిడ దిగింది నాలుగు స్టేషన్ల తర్వాత. అప్పటిదాకా ముగ్గురం పనసపండు వాసనలో ఆ తలుపు దగ్గరే, కాళ్ళు మెట్ల మీద పెట్టుకుని. టీ తోటలు, మబ్బులు, ఉన్నట్టుండి పైన్ చెట్ల చీకటి, పట్టిపొల అనే స్టేషన్ దగ్గర ఆరు వేల రెండొందల అడుగుల ఎత్తు. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టె మొత్తం పిల్లల్లా అరిచింది, అందులో మా ఆయన గొంతు నాకు విడిగా వినిపించింది. రిజర్వేషన్ దొరికి ఉంటే కిటికీ పక్క సీటు వచ్చేదేమో గానీ ఈ గుమ్మం దొరికేది కాదు.

ఎల్లాలో రోజూ మధ్యాహ్నం మూడింటికి వాన. పొద్దున్నే లేచి తొమ్మిది కమానుల వంతెన చూసి వచ్చేవాళ్ళం. 1921 నాటిది, ఇనుము వాడకుండా రాయీ ఇటుకా సిమెంటుతో కట్టారు. చూడటానికి టికెట్ లేదు. మిగతా పొద్దంతా ఆ కిటికీ దగ్గరే. గెస్ట్‌హౌస్ ఆవిడ మొదటి రాత్రే మేం కొత్తగా పెళ్ళయినవాళ్ళమని ఎలా కనిపెట్టిందో గానీ, భోంచేసి వచ్చేసరికి మంచం మీద దేవగన్నేరు పూలు చల్లి ఉన్నాయి, తువాళ్ళతో రెండు హంసలు. ఒక హంసకి మెడ నిలబడక పక్కకి వాలిపోయింది. ఏజెన్సీవాళ్ళ తొమ్మిది వేల ఐదొందలు గుర్తొచ్చి, షీట్‌లో "హనీమూన్ స్పెషల్: 0" అని రాశాను.

ఎల్లా నుంచి దిగుతూ ఉడవలావే అభయారణ్యం దారిలో, కరెంటు కంచె అవతల రెండు ఏనుగులు రోడ్డు వైపు చూస్తూ నిలబడి కనిపించాయి. సఫారీ డబ్బు కూడా మిగిలింది. ఉనవతున చేరింది 24న, ఆదివారం. మా ఆయన నెలలుగా ఒకటే కల కంటున్నాడు, సముద్రం ఒడ్డున సాయంత్రం పూట చల్లటి బీరు. హోటల్ కుర్రాడు చేతులు జోడించి, "ఈ రోజు పోయా" అన్నాడు. మనం పున్నమి అంటాం, వాళ్ళు పోయా అంటారు. ప్రతి పున్నమీ సెలవే, ఆ రోజు మందు అమ్మరు. మూడు నెలలు షీట్ నింపినవాళ్ళం, లీవులు, వానలు, మంగళవారాలు అన్నీ చూసినవాళ్ళం, పంచాంగంలో పున్నమి చూసుకోలేదు. కొబ్బరిబోండాలు తాగి గాలే కోట గోడ మీదికి నడిచాం. పోర్చుగీసువాళ్ళు మొదలుపెట్టి డచ్చివాళ్ళు గట్టిగా కట్టిన కోట. ఊరంతా తెల్లబట్టలు కట్టుకుని గోడ మీదే ఉంది. ఒకపక్క సూర్యుడు సముద్రంలోకి దిగుతుంటే, వెనకాల ఊరి పెంకుల మీంచి చంద్రుడు వచ్చాడు. మా ఆయన కాసేపు బీరు మాట ఎత్తలేదు.

తిరుగు ప్రయాణం గాలే నుంచి కొలంబోకి రైల్లో. పట్టాల పక్కనే అలలు. అక్కణ్నుంచి ఎయిర్‌పోర్ట్‌కి ట్యాక్సీ. ఇంటికొచ్చి లెక్క చూస్తే ఒక లక్షా నలభై ఏడు వేలు. పదకొండు వేలు టీపొడికీ దాల్చినచెక్కకీ అత్తయ్యగారి బాతిక్ గుడ్డకీ పోయాయి. "ప్రేమ ఖర్చు" లేకపోతే ఇంకా తగ్గేది.

సీతమ్మ వాగు నీళ్ళని చేతి బ్యాగులో రానివ్వరని, టీషర్టులో చుట్టి సూట్‌కేసులో పెట్టాం. మూత వదులై సగం కారిపోయింది, రెండు టీ ప్యాకెట్లు తడిసిపోయాయి. ఉగాదికి పాలకొల్లు వెళ్ళినప్పుడు మిగిలిన సగం మామ్మగారి చేతికిచ్చాం. ఆవిడ కాసిని మా ఇద్దరి నెత్తిన చల్లి, కాసిని తులసికోటలో పోసి, సీసా పట్టుకుని అరుగు మీద కూర్చున్నారు.

"అక్కడ చలేస్తుందా అమ్మా?"

"వేస్తుంది మామ్మగారూ. మార్చిలో కూడా స్వెటర్ లేకపోతే కష్టం."

"పది నెలలు ఉంది పిచ్చితల్లి. ఒంటి చీరతో" అని, సీసా మూత గట్టిగా బిగించి దేవుడి గూట్లో పెట్టారు.